రెండు తలుపుల గది

గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద ఇంటూ మార్కు వేసి ఉంది. పక్కనే ఒక బాణం. దాని కింద "ఇక్కడి నుంచి కొట్టాలి" అని ఎవరిదో వంకర రాత. ఆమె చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివింది. తప్పు కళ్ళజోడుది కాదు.

ఆమె ఆ ఆసుపత్రికి వచ్చింది బీపీ మాత్రల కోసం. వచ్చిన ప్రతిసారీ డాక్టరు దగ్గర పని ముగిశాక, వార్డు చివర ఉన్న ఆ గదిలోకి ఒకసారి తొంగిచూసి పోవడం అలవాటు. ఎప్పుడో చదువు చెప్పిన పిల్లవాడు వీధిలో ఎదురైతే కాసేపు ఆగి, బాగానే ఉన్నాడని చూసుకుని కదిలిపోయే టీచరు చూపు లాంటిదే అదీ. ఆ ఆసుపత్రిని గీసింది ఆమే. జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో చేతికొచ్చిన మొదటి పెద్ద పని. గోడ కాస్త పక్కకు జరిగినా కాగితాలు పట్టుకుని పరంజా ఎక్కేది కాబట్టి మేస్త్రీలు ఆమెకు గీతలమ్మ అని పేరు పెట్టారు. భవనం పూర్తయింది, మేస్త్రీలు వేరే పనులకు వెళ్ళిపోయారు, పేరు మాత్రం ఆమెతోనే ఉండిపోయింది. ఇప్పుడు ఇంట్లోవాళ్ళు కూడా వేళాకోళానికి అలాగే పిలుస్తారు.

ఆ గదిలో చూడడానికి పెద్దగా ఏమీ ఉండదు. గోడలోంచే పుట్టినట్టు ఒక సిమెంటు అరుగు. బాగా కిందికి దించిన కిటికీ. మూలన ఒక సింకు. వార్డు వైపు ఒక తలుపు, పక్క పెరడు వైపు ఇంకో తలుపు. బయట ఏ బోర్డూ లేదు.

ప్రాణం మీదికి వచ్చినవాళ్ళను ఉంచే వార్డు అది. చెప్పక తప్పని మాటను డాక్టరు బయటికి వచ్చి ఆ తలుపు దగ్గరే చెబుతాడు. అక్కడి నుంచి ప్రధాన ద్వారం దాకా పొడుగాటి కారిడార్. రెండు పక్కలా కుర్చీలు, కుర్చీల నిండా తమ వంతు కోసం చూసే జనం. మాట విన్న మనిషి ఆ జనం మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళాలి. ఆమె చదువుకునే రోజుల్లో వేరే ఆసుపత్రిలో అలాగే నడిచింది. ఒక చేతిలో తండ్రి కళ్ళజోడు, ఇంకో చేతిలో ఫ్లాస్కు. రెండు పక్కలా కూర్చున్నవాళ్ళు తింటున్న బిస్కెట్లు ఆపి చూశారు. కాళ్ళు వెనక్కి తీసుకుని దారి ఇచ్చారు. ఒకావిడ "అయ్యో తల్లీ" అంది. అందరూ మంచివాళ్ళే. ఆ మంచితనం కింద నడవడం ఆమె వల్ల కాలేదు.

అందుకే ఈ ఆసుపత్రి గీసేటప్పుడు ఆ వార్డు పక్కన ఒక గది పెట్టి, దానికి రెండో తలుపు పెట్టింది. వార్డులోంచి వచ్చిన మనిషి అందులోకి వెళ్ళి, ఉండాలనుకున్నంత సేపు ఉండి, మొహం కడుక్కుని, పెరట్లోంచి పక్క వీధిలోకి పోవచ్చు. కారిడార్‌లో ఎవరి కంటా పడక్కర్లేదు. బోర్డు కావాలనే పెట్టలేదు. "ఏడ్చే గది" అని రాసిపెడితే అందులోకి ఎవడు వెళతాడు?

వచ్చిన చిక్కల్లా ప్లానులో. అనుమతి ఇచ్చే ఆఫీసువాళ్ళు ఏ గదినీ ఖాళీగా ఒప్పుకోరు, ప్రతి గదిలోనూ ఏదో ఒక పేరు ఉండాలి. ఆ వృత్తిలో అందరికీ ఒక అలవాటు ఉంది. ఏ పేరు పెట్టాలో తోచని గది వస్తే "స్టోరు" అని రాసేస్తారు. పేరు పెట్టని పసివాణ్ణి బాబు అని పిలిచినంత మామూలు సంగతి. ఆమె కూడా అలాగే రాసి, తర్వాతి గదికి పోయింది.

ఆ ఒక్క మాటే ఇప్పుడు గోడ మీద ఎర్ర రంగై కూర్చుంది.

*

చిన్న డాక్టరు ఆమెను ఎదురొచ్చి కూర్చోబెట్టాడు. ఆసుపత్రి కట్టించిన పెద్ద డాక్టరు కొడుకు ఇతను. తండ్రి పోయాక నడిపించే భారం మీద పడింది. మర్యాద తెలిసినవాడు, కాఫీ తెప్పించాడు, బీపీ ఎంత ఉందో అడిగాడు. ఆ తర్వాత, రోగుల బంధువులు మందుల కోసం రోడ్డు దాటి అవతలికి పోవలసి వస్తోందనీ, వానాకాలం ముసలివాళ్ళు పడే పాట్లు చూడలేకపోతున్నాననీ చెప్పాడు. అందుకే ఆ గదికి కారిడార్ వైపు గోడ కొట్టేసి, వార్డు తలుపు మూసేసి, మందుల షాపు పెట్టిస్తున్నాడు. చెప్పిన కారణంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమెకు బాధ కలిగించింది అదే. ఎదుటివాడు దుర్మార్గుడైతే కోప్పడి వచ్చేయడం తేలిక.

ఆ గది ఎందుకో తెలుసా అని ఆమె అడిగింది. అతను వెనక బీరువాలోంచి పాత ప్లాను తీసి బల్ల మీద పరిచాడు. వేలు పెట్టి చూపించాడు.

"స్టోరే కదా మేడమ్. మీ చేతిరాతే."

"నువ్వెప్పుడైనా ఆ గదిలోకి వెళ్ళావా బాబూ?"

"స్టోరులో నాకేం పని?" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే.

ఆమె కాఫీ సగం వదిలేసి లేచింది.

*

మేనల్లుడు లాయరు. అన్నగారి కొడుకు. వాదనలో ఎంత గట్టివాడో ఆమెకు తెలియదు గానీ తిండి దగ్గర మాత్రం గట్టివాడు. సంగతి చెబుదామని పిలిస్తే ముందు కంచం దగ్గర కూర్చుని, అంతా విని, చేయి కడుక్కుని వచ్చి మొదలుపెట్టాడు.

"అత్తా, స్టోరని నువ్వే రాశావా?"

"నేనే."

"నీ చేత్తో?"

"నా చేత్తో కాక నీ చేత్తో రాయించనా? అప్పటికి నువ్వు పుట్టనేలేదు."

"పుట్టుంటే ఆపేవాణ్ణి."

తర్వాత తుండుతో చేతులు తుడుచుకుంటూ చట్టం ఏమంటుందో వివరించాడు. భవనం వాళ్ళది, స్థలం వాళ్ళది, తాళంచెవులు వాళ్ళవి. కానీ ఒక పని చేసిన మనిషికి ఆ పని మీద ఉండే పేరూ గౌరవమూ పని చేతులు మారినంత మాత్రాన చేతులు మారవు. దాన్ని నైతిక హక్కు అంటారు. ఆ మనిషి పరువు పోయేలా దాన్ని పాడుచేస్తే అడగొచ్చు. పుస్తకాలకూ బొమ్మలకూ ఉన్నట్టే భవనాలకూ ఉంది. అయితే భవనం దగ్గరికి వచ్చేసరికి న్యాయమూర్తులు కాస్త వెనకాడతారు. ఎందుకంటే భవనంలో మనుషులు ఉంటారు, వాళ్ళ అవసరాలు మారతాయి. మార్చడం వేరు, పాడుచేయడం వేరు. పాడుచేశారని మనం చూపించాలి.

"ఒక సామాన్ల గది తీసేసి ఇంకో సామాన్ల గది పెడుతున్నారు. ఇందులో పాడైందేమిటి అని అడుగుతారు. నేను వాళ్ళ లాయర్నైతే నేనూ అదే అడుగుతా. పప్పులో కాలేశావత్తా."

"కాలేశాను సరే, వెనక్కి తీసుకోవడం ఎలాగో చెప్పు."

"అది ఆలోచించాలంటే ఇంకో కప్పు కాఫీ కావాలి."

భవనం గీసేటప్పుడు పెద్ద డాక్టరుతో రాసుకున్న పాత ఒప్పందంలో ఒక మంచి మాట దొరికింది. పేచీ వస్తే మధ్యవర్తి దగ్గరికి పోవాలి, ఆయన తేల్చేదాకా భవనం మీద చేయి వేయకూడదు. రెండు పక్షాలూ కలిసి రిటైరైన జడ్జిగారిని ఒకాయనను ఒప్పుకున్నాయి. గోడ ఎర్ర గుర్తుతో అలాగే నిలబడింది.

*

మొదటిసారి కూర్చున్నది జడ్జిగారి ఆఫీసు గదిలో. పుస్తకాల బీరువాలు, మధ్యలో పొడుగాటి బల్ల. జడ్జిగారికి మోకాళ్ళ నొప్పులు. కూర్చునేటప్పుడు ఒకసారి, లేచేటప్పుడు ఒకసారి మూలిగేవారు, మధ్యలో మాత్రం చాలా తక్కువ మాట్లాడేవారు.

ఆసుపత్రి లాయరు గొంతు గొప్పది. భవనం కవిత్వం కాదన్నాడు. కవిత్వం వానకు కారదు, దానికి కుళాయిలు బిగించక్కర్లేదు అన్నాడు. ఇది తన క్లయింటు తండ్రిగారు కట్టించిన ఆసుపత్రి అని గుర్తు చేశాడు. అయినా పెద్దావిడ మనసు నొప్పించడం వాళ్ళ ఉద్దేశం కాదు గనుక ఒక దారి చూపిస్తామన్నాడు. ప్రధాన ద్వారం పక్కన రాతి పలక మీద ఆమె పేరు చెక్కి ఉంది. గది మారుతుంది కాబట్టి, ఆ మార్పు ఆమె చేసిందని ఎవరూ అనుకోకుండా, ఆ పేరు తీయించేస్తారు. పేరు లేకపోతే పరువు నష్టమనే మాటే ఉండదు.

ఆమె వెంటనే తలూపింది. "పేరు తీసుకోండి. గది ఉంచండి" అంది.

బల్ల కింద మేనల్లుడు ఆమె కాలు తొక్కాడు. జడ్జిగారిని కాస్త విరామం అడిగి, ఆమెను బయటికి తీసుకొచ్చాడు. మెట్ల దగ్గర నిలబెట్టి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అత్తా, నీకు దండం పెడతా. ఆ పేరే మన పట్టు. పేరు వదిలేసిన మరుక్షణం నువ్వు దారినపోయే మనిషివి. దారినపోయే మనిషికి ఆ గది గురించి నోరెత్తే హక్కు లేదు."

"నాకు పేరు అక్కర్లేదురా."

"నీకు అక్కర్లేదు, గదికి కావాలి. లోపలికెళ్ళి అది నాది అని చెప్పు."

ఆ మాటే ఆమె నోట ఎప్పుడూ రాలేదు. "మీరు కట్టిన ఆసుపత్రి" అని ఎవరైనా అంటే వెంటనే సరిదిద్దేది, కట్టింది మేస్త్రీలు, కట్టించింది పెద్ద డాక్టరుగారు, నేను గీశాను, అంతే అనేది. అది వినయమని అందరూ మెచ్చుకునేవారు. తానూ అలాగే అనుకుంది. ఇప్పుడు మెట్ల దగ్గర నిలబడి చూసుకుంటే, అందులో వినయంతో పాటు కొంత తప్పించుకోవడం కూడా ఉందేమో అనిపించింది. నాది అన్న మనిషి ఆ మాటకు అడ్డంగా నిలబడవలసి వస్తుంది.

లోపలికి వెళ్ళి కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడే చెప్పింది.

"ఇందాక తొందరపడ్డాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆసుపత్రి కట్టించింది పెద్ద డాక్టరుగారు, కాదనను. కట్టింది మేస్త్రీలు. కానీ ఆ గది అక్కడ ఎందుకుందో వాళ్ళెవరికీ తెలియదు. నాకే తెలుసు. అది నాది. పేరు తీయడానికి ఒప్పుకోను."

ఆసుపత్రి లాయరు ప్లాను తెరిచి, స్టోరు అన్న అక్షరాల మీద వేలితో తట్టాడు. "మరి ఇదీ మీదేగా?"

జడ్జిగారు ఆ అక్షరాలను చూశారు, ఆమెను చూశారు. "కాగితం చూశాను. ఇక గది చూడాలి" అని, మూలుగుతూ లేచారు.

*

గది చూడడానికి వెళ్ళిన రోజు కారిడార్ కిటకిటలాడుతోంది. జడ్జిగారు, ఇద్దరు లాయర్లు, చిన్న డాక్టరు, ఆమె వరసగా లోపలికి వెళ్ళారు. నల్లకోట్లను చూసి జనం కుర్చీల్లోంచి లేచి తలుపులోంచి తొంగిచూడడం మొదలుపెట్టారు. ఏమైంది, ఎవరు పోయారు, పోలీసు కేసా అని అడుగుతున్నారు. ఒకాయనైతే లోపలికే వచ్చి, పేరు పిలుస్తున్నారా అని అడిగి వెళ్ళాడు.

ఆసుపత్రి లాయరుకు చిరాకేసింది. తలుపు వేసి, గడియ బిగించి, తిరిగి వచ్చాడు. గది ఒక్కసారి నిశ్శబ్దమైంది. అంతమంది జనం గోడ అవతల ఉన్నారంటే నమ్మబుద్ధి కాలేదు.

అతను ఒక్కో వస్తువునూ చూపిస్తూ మొదలుపెట్టాడు. అరుగు సామాన్ల పెట్టెలు దించడానికి. సింకు నేల తుడిచే గుడ్డలు ఉతకడానికి, కాబట్టే పైన అద్దం లేదు. కిటికీ గాలి కోసం. రెండో తలుపు సరుకు బండి పెరట్లోకి వచ్చి దింపుకోవడానికి. ఎంత చక్కగా అమర్చాడంటే వింటుంటే ఆమెకే అది స్టోరేమో అనిపించింది. మేనల్లుడు చేతిలో కాగితాలు తిప్పుతున్నాడు గానీ దేనికీ జవాబు దొరకడం లేదని మెడ మీద చెమట చెబుతోంది. జడ్జిగారు మోకాళ్ళు ఆగక అరుగు మీద కూర్చున్నారు.

ఆమె తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"లాయరుగారూ, ఇందాక మీరేం వేశారు?"

"ఎక్కడ?"

"తలుపుకు."

"గడియ వేశాను. జనం వస్తున్నారు కదా."

"ఎటువైపు?"

అతను తిరిగి చూశాడు. తలుపు మీద ఇత్తడి గడియ నిగనిగలాడుతోంది. అడుగున వేళ్ళు తగిలే చోట రంగు పూర్తిగా పోయి ఉంది.

"ఇటువైపే. లోపల" అన్నాడు.

"స్టోరుకు గొళ్ళెం బయట ఉంటుందండీ, తాళం వేసుకోవడానికి. ఈ తలుపుకు బయట గొళ్ళెం లేదు. ఎప్పుడూ లేదు, కావాలంటే తీసి చూడండి. పెరటి తలుపుకూ అంతే. రెండింటికీ గడియలు లోపలే పెట్టించాను. సామాన్లు లోపల్నుంచి గడియ వేసుకోవు కదా."

మేనల్లుడు ముందుగా నవ్వాడు, లాయరు నవ్వకూడదని గుర్తొచ్చి దగ్గుగా మార్చుకున్నాడు. చిన్న డాక్టరు వెళ్ళి గడియ తీసి, తలుపు తెరిచి, అవతలి వైపు చేత్తో తడిమి చూశాడు. నున్నటి చెక్క తప్ప ఏమీ లేదు. గొళ్ళెం ఊడదీసిన గుంటలు కూడా లేవు. తలుపు మళ్ళీ మూసి, ఈసారి తనే గడియ వేశాడు.

"గడియ అరిగింది చూశారా," అంది ఆమె. "మీకెవరికీ తెలియకపోయినా తెలియాల్సినవాళ్ళకు తెలుస్తూనే ఉంది. నేను బోర్డు పెట్టలేదు, వాళ్ళే వెతుక్కున్నారు."

జడ్జిగారు కూర్చున్నచోటి నుంచే కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆ అరుగు మీద కూర్చున్న మనిషికి పెరటి గోడ మీది తీగ, దాని పైన కొంత ఆకాశం కనిపిస్తాయి. బయట అడ్డుగోడ ఉండడం వల్ల పెరట్లో నడిచేవాళ్ళకు లోపలి మనిషి కనబడడు. ఆమె ఆ ఎత్తు కోసం మేస్త్రీ చేత గోడ రెండుసార్లు పడగొట్టించింది. జడ్జిగారు అలా చాలాసేపు చూశారు. ఎవరిని తలుచుకున్నారో ఎవరూ అడగలేదు.

చిన్న డాక్టరు సింకు దగ్గర నిలబడి కుళాయి విప్పి, కట్టేసి, పైన ఖాళీ గోడను చూస్తున్నాడు.

"అద్దం ఎందుకు పెట్టలేదు మేడమ్?"

"ఆ సమయంలో ఎవరూ తమ మొహం చూసుకోవాలనుకోరు బాబూ."

అతను చుక్క కారకుండా కుళాయిని మళ్ళీ గట్టిగా కట్టేశాడు.

*

ఆసుపత్రి లాయరు మంచి లాయరే. అంత తేలిగ్గా చేతులెత్తేయలేదు. సరే, స్టోరు కాదనుకుందాం అన్నాడు. ఇంత పెద్ద ఆసుపత్రిలో ఒక్క గది మారితే ఆమె పరువుకు వచ్చిన లోటేమిటి? ఆసుపత్రి ఆసుపత్రిలాగే ఉంటుంది. గోడల రంగు మారదు, ముందు వైపు అందం మారదు. ఎవరూ ఆమెను వేలెత్తి చూపరు.

జడ్జిగారు ఆమె వైపు తిరిగారు. "దీనికి మీరే చెప్పాలమ్మా. లాయరుగారు కాదు."

మేనల్లుడు తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఆమె మాటలు వెతుక్కుంది. ఆమె నోటికి మాటలు వచ్చేది ఎప్పుడూ నెమ్మదిగానే.

"ఈ తలుపు మూసేస్తే వార్డులోంచి వచ్చిన మనిషికి కారిడారే దిక్కు. మందుల షాపు పెడితే జనం ఇంకా పెరుగుతారు. మనిషిని పోగొట్టుకున్న మనిషి, మందులు కొనుక్కుంటున్నవాళ్ళ మధ్యలోంచి, అందరూ చూస్తుండగా నడవాలి. ఎవరూ ఏమీ అనకపోవచ్చు. కానీ ఆ రోజు ఆ మనిషిని ఈ భవనం చిన్నబుచ్చుతుంది. గుమ్మం దగ్గర పలక మీద నా పేరుంటుంది. చిన్నబుచ్చింది నేనే అవుతాను. ముందు వైపు అందం పోయినా నేను అడగను, రంగు మార్చినా అడగను. మనుషుల్ని చిన్నబుచ్చే పని నా పేరు మీద జరగడానికి మాత్రం ఒప్పుకోను. నా గౌరవం అంటే అదే. ఇంకో గౌరవం నాకు తెలియదు."

ఆసుపత్రి లాయరు కళ్ళజోడు సర్దుకున్నాడు. ఏదో అనడానికి తన క్లయింటు వైపు చూశాడు. చిన్న డాక్టరు వద్దన్నట్టు చేయి కొద్దిగా ఎత్తాడు.

"మరి రోడ్డు దాటే ముసలివాళ్ళ మాటేమిటి?" అన్నారు జడ్జిగారు. "డాక్టరుగారి అవసరం కూడా నిజమే కదమ్మా."

"నిజమే. మార్చొద్దని నేనెప్పుడన్నాను?" అని ఆమె మేనల్లుడి చేతిలోంచి కాగితం, పెన్ను లాక్కుంది. కాగితాన్ని సింకు అంచు మీద పెట్టి గీయడం మొదలుపెట్టింది. అందరూ చుట్టూ మూగారు. ప్రధాన గేటు పక్కన ఆక్సిజన్ సిలిండర్లు పెట్టిన పాత గది ఉంది. గోడల్లోంచి పైపులు వేశాక దానితో పని లేదు. దానికి వీధి వైపు ఒక కౌంటరు తీసింది. లోపలి వైపు ఇంకోటి. ముందు నిలబడేవాళ్ళ మీద వాన పడకుండా కప్పును బయటికి లాగింది. ముసలివాళ్ళు కూర్చోవడానికి గోడకు ఒక పలక అరుగు అతికించింది. కొలతలు వేయలేదు, అవి చేతిలోనే ఉన్నాయి. గీత ఒక్కటీ చెరపలేదు.

"రోగులు లోపలిదాకా రానక్కర్లేదు. బయటివాళ్ళూ కొనుక్కోవచ్చు. ఆంబులెన్సుకు అడ్డం రాదు" అంది, పెన్ను మూత పెడుతూ.

చిన్న డాక్టరు కాగితాన్ని తీసుకుని వెలుతురులో పెట్టి చూశాడు. అతని మొహంలో ఏదో విచ్చుకుంది. బహుశా తను అనుకున్నదానికంటే ఇదే బాగుందని అప్పుడే అర్థమైంది.

"ఇది ముందే చెప్పొచ్చు కదా మేడమ్?"

"ముందే అడగొచ్చు కదా బాబూ?"

ఈసారి జడ్జిగారే నవ్వారు. అరుగు మీద నుంచి లేచేటప్పుడు ఆయన మూలగలేదని మేనల్లుడు తర్వాత ఇంట్లో నలుగురికీ చెప్పాడు. అదెంతవరకు నిజమో గానీ, ఆ కథ చెప్పినప్పుడల్లా ఆ ముక్క కలిపేవాడు.

*

తీర్పు చదివిన రోజు ఒకే ఒక్క విషయం దగ్గర ఆగారు. గదిని కాపాడాలంటే తీర్పులో దానికి ఒక పేరు ఉండాలి. ఆసుపత్రి లాయరు, ఇక గొడవ పెట్టుకునే ఉద్దేశం లేకుండానే, విశ్రాంతి గది అని రాద్దామా అన్నాడు. మేనల్లుడు శాంతి మందిరం అన్నాడు. ఆమె వాడి వైపు చూసిన చూపుకు వాడు ఆ మాటను అక్కడే మింగేశాడు.

"పేరు వద్దండి. పేరు పెట్టగానే దానికో బోర్డు వస్తుంది, బోర్డు వచ్చాక దానికో టైము వస్తుంది, ఆ తర్వాత తాళం వస్తుంది" అంది.

జడ్జిగారు కలం తీసుకుని, తన చేత్తోనే రాశారు. వార్డు చివర రెండు తలుపులూ, రెండింటికీ లోపలి వైపు గడియలూ ఉన్న గది, పేరు లేని గదిగానే కొనసాగాలి. ఆ తలుపుల్లో దేన్నీ మూయడానికి గానీ, ఆ గదిని మరో పనికి వాడడానికి గానీ, దాన్ని రూపొందించిన మనిషి సమ్మతి లేకుండా వీల్లేదు. అలా చేస్తే ఆమె గౌరవానికి భంగం కలిగించినట్టే. రాతి పలక మీద పేరు అలాగే ఉండాలి.

మేనల్లుడు బయటికి వచ్చి మెట్ల మీద రెండు చేతులూ గాల్లోకి ఎత్తాడు. భవనం తాలూకు నైతిక హక్కు మీద గోడ నిలబెట్టిన కేసు తన వయసు లాయర్లలో ఎవరికీ లేదట. ఇక తనకు ఆఫీసు ముందు జనం క్యూ కడతారట. ఆమె వాణ్ణి చూసి, క్యూ కట్టేవాళ్ళకు కూర్చోవడానికి అరుగు గీసిస్తాలే అంది.

"ఫీజు?"

"నీ దగ్గర వసూలు చేయడం కంటే ఉచితంగా గీయడం సులువు."

చిన్న డాక్టరు ఆమె దగ్గరికి వచ్చాడు. మందుల షాపు పనులు మొదలయ్యాక వారానికోసారి వచ్చి చూసి పోతారా అని అడిగాడు. వస్తానంది. గోడలు నిలువుగా వస్తున్నాయో లేదో చూడడానికి ఆమెను పిలిచి చాలా కాలమైంది.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి వెళ్ళింది. రంగువాడు అప్పటికే ఎర్ర గుర్తు మీద తెల్ల సున్నం పూస్తున్నాడు. ఒక పూత చాలలేదు, ఎరుపు లోంచి తెలుస్తోంది. వాడు ఆరనిచ్చి రెండోది వేస్తానన్నాడు. గది తలుపు మూసి ఉంది. ఆమె చేయి వేసి నెట్టబోయింది. లోపల గడియ వేసి ఉంది.

చేయి వెంటనే వెనక్కి తీసుకుంది. రంగువాడికి బకెట్టు చప్పుడు చేయకుండా ఎత్తి పెట్టుకోమని సైగ చేసింది. వాడు అర్థం చేసుకుని, నిచ్చెన కూడా అవతలికి జరిపి, కారిడార్ మొదట్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

ఆమె వెనుదిరిగింది. ప్రధాన ద్వారం వైపు, కారిడార్ మధ్యలోంచి, తల ఎత్తుకుని నడిచింది. రెండు పక్కలా కుర్చీల్లో జనం, ఎప్పటిలాగే ఎవరు వస్తున్నా మొహం చదవడానికి చూస్తున్నారు. దాచుకోవడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. నవ్వు ఆపుకుందామన్నా ఆగేలా లేదు, ఇక ఆపుకోలేదు కూడా.

ద్వారం దగ్గర కుర్చీలో ఒక ముసలాయన ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె మొహం చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"మీవాళ్ళకు నయమైందా అమ్మా?"

ఆమె ఆగింది. ఒక్క క్షణమే ఆలోచించింది.

"నయమైందయ్యా" అంది. "పూర్తిగా."

"చాలా సంతోషం తల్లీ," అన్నాడాయన. పక్కనున్నావిడ వైపు తిరిగి, నయమైందట అని చెప్పాడు. ఆవిడ తన పక్కవాళ్ళకు చెప్పింది. ఆమె ఎండలోకి మెట్లు దిగేసరికి వెనకాల ఆ మాట కుర్చీ నుంచి కుర్చీకి పాకుతూ, కారిడార్ పొడుగునా లోపలికి పోతోంది.